కంప్యూటరు నుండి బాకా వరకు

(కైకలూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారశాఖ అధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు నిర్ణయించిన విషయము చాల చిన్నది. పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరునకును, మైకు సెట్టులోని యాంప్లిఫయరునకును నడుమ వేయవలసిన తీగను గూర్చి మాటలాడుమన్నారు. రెండు బారలైనను లేని తీగకు ఇంత ప్రసంగమా అని మీలో కొందరికి తోచియుండును. మొదట నాకును అట్లే తోచినది. ఒక వానరాత్రి ఒక ఊరిలో జరిగిన సంగతి తెలిసిన పిదప నా అభిప్రాయము మారినది.

ఆ ఊరి పేరు చెప్పను. కొల్లేటి అంచున ఉన్న లంకగ్రామము. ఏరుల నీరు దిగుచు, సరస్సు మట్టము గంట గంటకు పెరుగుచున్న దినములు. పల్లపు వీధులవారు పశువులను తోలుకొని మెరక మీది పాఠశాలకు చేరవలెనని హెచ్చరిక వచ్చినది. అది కాగితముగా గాక ధ్వనిముద్రణగా కంప్యూటరునకు వచ్చినది. మాటల వెనుక సన్నగా వాద్యసంగీతము కూడ చేర్చియుండిరి. కార్యాలయములోని యువకుడు తీగ తగిలించి మీట నొక్కెను. స్తంభముపై బాకా మ్రోగెను. కాని ఊరికి వినబడినది వాద్యసంగీతము మాత్రమే. మాట ఒక్కటియు రాలేదు!

అతడు బెదిరిపోయి, తీగ ఊడదీసి, హెడ్‌ఫోను పెట్టి విన్నాడు. మాటలు శుభ్రముగా ఉన్నవి. మరల తీగ తగిలించినాడు. మరల సంగీతమే. “ఇంత వానలో ఈ కచేరీ ఏమిటి నాయనా?” అని ఒక ముసలమ్మ గుమ్మములో నిలిచి అడిగినదట. తుదకు ఒక పెద్దాయన అటకమీది పాత టముకు దింపించి, మోకాటిలోతు నీటిలో వీధి వీధి తిరిగి చాటింపు వేసెను. మనుష్యులందరు క్షేమముగా చేరినారు. రెండు గంటల కాలము పోయినది. రెండు పాడిగేదెలు పోయినవి. అవి ఉన్న ఇంటివారికి ఆ రెండు గేదెలే ఆధారము.

బాకా చెడలేదు, యాంప్లిఫయరు చెడలేదు, కంప్యూటరు చెడలేదు. తీగ కూడ తెగలేదు. అది క్రొత్త తీగ, మంచి వెల పెట్టి కొన్నది. మాట యెక్కడ పోయినదో మీకు తెలియవలెనన్న ముందుగా కంప్యూటరు వెనుక భాగమును, యాంప్లిఫయరు వెనుక భాగమును ఒకసారి చూడవలెను.

అంతకు ముందు ఒక్క మాట. టముకు కాలమునుండి మనము చాల దూరము వచ్చితిమి. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1956లో పూనా ప్రాంతమున గ్రామస్థులు రేడియో చుట్టు కూర్చుండి, విని, చర్చించుకొను గ్రామీణ రేడియో సంఘములను నడపి చూచినారు. ఆనాడు ఊరికొక రేడియో ఉన్న చాలునన్నది ఆశ. నేడు పంచాయతీలోనే కంప్యూటరు కలదు. 2019లో సచివాలయముల వ్యవస్థ వచ్చిన పిదప దానితో పనిచేయగల చదువరులును ఊరిలోనే ఉన్నారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. అటువంటి సభలో కంప్యూటరు నుండి ఏదైనను వినిపింపవలెనన్న ఈ తీగయే దిక్కు. సభలో తప్పు జరిగినచో నవ్వి ఊరకుందురు. వరదలో అట్లు కాదు.

మన ప్రాంతమునకు ఇది మరింత ముఖ్యము. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు ముంచినది. బుడమేటి నీరు కొల్లేటికి రాక మరెక్కడికి పోవును? తమ్మిలేరు, రామిలేరు కూడ ఇందులోనే దిగును. పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుచేత పైన వాన వెలిసిన పిదప కూడ ఇక్కడ నీరు పెరుగుచునే యుండును. పైన వరద వచ్చుటకును, మన గుమ్మము ముందునకు నీరు చేరుటకును నడుమ కొంత వ్యవధి దొరకును. ఆ వ్యవధియే మనకు దేవుడిచ్చిన అవకాశము. అందులో చెప్పిన మాట స్పష్టముగా వినబడవలెను. అదియు ఎక్కడ? రాత్రియంతయు ఏరేటర్లు తిరుగుచున్న చెరువుగట్ల మీద, కావలివాని గుడిసెలోనికి వినబడవలెను.

ఇక కంప్యూటరు వెనుకకు పోవుదము. బల్లమీది పెద్ద కంప్యూటరునకు వెనుక మూడు చిన్న గుండ్రని రంధ్రములుండును. ఆకుపచ్చనిది ధ్వని బయటకు వచ్చుటకు. గులాబీ రంగుది మైకు కొరకు. నీలము రంగుది బయటి ధ్వని లోనికి పోవుటకు. మనకు కావలసినది ఆకుపచ్చనిది మాత్రమే. ముందువైపు హెడ్‌ఫోను కొరకు ఒక రంధ్రముండును. దానిని వాడినను తప్పులేదు గాని, వచ్చిపోవువారి చేయి తగిలి ఊడిపోవుచుండును. ల్యాప్‌టాపునకు సాధారణముగా ఒకే రంధ్రముండును, అదే హెడ్‌ఫోనునకు, మైకునకు కూడ. దానికి మూడు భాగముల పిన్ను వాడవలెను. ఫోను తీగలకుండు నాలుగు భాగముల పిన్ను, అనగా మూడు నల్లగీతలున్నది, వాడకుండుట మేలు. కొన్ని సన్నని ల్యాప్‌టాపులకు ఈ రంధ్రమే లేదు. అప్పుడు యు.ఎస్.బి. సౌండు కార్డు అను చిన్న వస్తువు తగిలించినచో ఆ రంధ్రము దొరకును.

యాంప్లిఫయరు వెనుక రంధ్రములు ఎక్కువ. వానిలో మైకు అని కొన్నిటిమీద, ఆక్స్ అని ఒకటి రెండిటిమీద వ్రాసియుండును. మన గ్రామములలో నూటికి తొంబది తప్పులు ఇక్కడనే జరుగుచున్నవని నా అనుభవము. మైకు రంధ్రము కంటికి ముందుగా కనబడును, దానిలో పట్టు పిన్ను కూడ దొరకును, కావున అందులో పెట్టివేయుదురు. మైకునుండి వచ్చు విద్యుత్తు ఎంత? వోల్టులో వేయవవంతులు కొన్ని మాత్రమే. కంప్యూటరునుండి వచ్చునది వోల్టులో మూడవవంతు మొదలు ఒక వోల్టు వరకు ఉండును. నూరు రెట్లకు పైమాట. ఉగ్గుగిన్నెతో పాలుపట్టవలసిన బిడ్డ నోటికి బిందె ఎత్తిపెట్టినట్లగును. అప్పుడు మాట బొంగురుపోయి, పగిలి, బరబరమని వచ్చును. కుర్రవాడు యాంప్లిఫయరు మర తగ్గించును. చప్పుడు తగ్గును గాని బరబర తగ్గదు, ఏలయన ధ్వని ఆ మరకు చేరకముందే పాడైనది. పూర్వమొక ఊరిలో ఓటర్ల జాబితా ఇట్లే చదివించినారు. ఎవరి పేరు ఎవరిదో తెలియక పది మంది కార్యాలయమునకు నడచివచ్చి అడుగవలసివచ్చినది.

కాబట్టి కంప్యూటరు తీగ ఎల్లప్పుడును ఆక్స్ రంధ్రమునకే పోవలెను. ఆక్స్ కొన్ని యాంప్లిఫయర్లలో ఎరుపు, తెలుపు ఆర్.సి.ఏ. రంధ్రములుగా ఉండును, కొన్నిటిలో పావు అంగుళపు పెద్ద జాక్‌గా ఉండును. ఒక కొనకు కంప్యూటరు చిన్న పిన్ను, రెండవ కొనకు ఎరుపు, తెలుపు పిన్నులు రెండు గల తీగ ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను ఏ ఎలక్ట్రానిక్సు దుకాణములో నడిగినను దొరకును. పెద్ద జాక్ ఉన్నచోట దానికి తగిన అడాప్టరు అడుగవలెను.

ఇప్పుడు పోయిన మాట సంగతి చెప్పెదను. కంప్యూటరు ధ్వనిని రెండు పాయలుగా పంపును, ఎడమ పాయ, కుడి పాయ. వాద్యములు కొన్ని ఎడమవైపు, కొన్ని కుడివైపు ఎక్కువగా ఉండును. మాటలాడు మనిషి గొంతు మాత్రము రెండింటిలోను సరిసమానముగా ఉండును. ఇది గుర్తుంచుకొనవలెను.

ఆ లంకగ్రామములో యాంప్లిఫయరునకు మూడు సూదుల పెద్ద మైకు రంధ్రము కలదు. దానిని ఎక్స్.ఎల్.ఆర్. అందురు. దాని పద్ధతి వేరు. అది రెండవ సూదిమీద వచ్చినదానిలోనుండి మూడవ సూదిమీద వచ్చినదానిని తీసివేసి, మిగిలిన దానిని మాత్రమే పెద్దది చేయును. మైకు తీగ సభ పొడవునా పోవునపుడు దారిలో చేరు రొద రెండు తీగలలోను సమానముగా చేరును గనుక ఈ తీసివేతతో అది పోవును. మైకునకు ఇది ఎంతో మేలైన ఏర్పాటు. ఆ యువకుడు కొన్న తీగ ఒకవైపు కంప్యూటరు పిన్ను, మరియొకవైపు ఈ మూడు సూదుల పిన్ను ఉన్నది. అందులో ఎడమ పాయ రెండవ సూదికి, కుడి పాయ మూడవ సూదికి కలిపియున్నది. ఇక చెప్పవలసినదేమున్నది? ఆరులోనుండి ఆరు తీసివేసినచో సున్న. రెండు పాయలలోను సమానముగా ఉన్నది గొంతు, కావున గొంతే పోయినది. సమానముగా లేనివి వాద్యములు, కావున అవి మిగిలినవి. ఆ యంత్రము తన పని తాను తప్పులేకుండ చేసినది!

సంగీతము వినబడుట వలననే అతడు మోసపోయినాడు. ఏమియు వినబడకున్నచో తీగను అనుమానించియుండెడివాడు. కనుక పాట పెట్టి పరీక్షించి “బాగున్నది” అనుకొనవలదు. మనిషి మాట పెట్టి పరీక్షింపవలెను.

మన బాకాలు ఒకే ధ్వనిని పంపునవి. వానికి ఎడమ కుడి అను భేదము లేదు. మరి రెండు పాయలను ఒకటి చేయుట ఎట్లు? ఎడమ తీగను, కుడి తీగను మెలిపెట్టి కలిపివేయుట కొందరి అలవాటు. అది కూడదు. ఒక పాయను నడపు భాగము రెండవదానిపైకి ఎదురు తోయును. ధ్వని చెడును, కాలక్రమమున కంప్యూటరు భాగము కూడ దెబ్బతినవచ్చును. తేలికైన మార్గము కంప్యూటరులోనే కలదు. విండోస్ పదకొండులో సెట్టింగులు తెరచి, యాక్సెసిబిలిటీలోనికి పోయి, అందు ఆడియో అనుచోట మోనో ఆడియో అను మీట వేయవలెను. పదవ విండోస్‌లో అది ఈజ్ ఆఫ్ యాక్సెస్ అను శీర్షిక క్రింద ఉండును. ఆ మీట వేసినచో రెండు పాయలలోను ఒకే మొత్తము ధ్వని వచ్చును. అప్పుడు తెల్ల పిన్ను ఒక్కటి ఆక్స్‌లో పెట్టి, ఎర్రపిన్ను దేనికిని తగులకుండ టేపు చుట్టి వదలివేసిన చాలును. ఇదే నేను మీకు సిఫారసు చేయు పద్ధతి. పైసా ఖర్చు లేదు.

కంప్యూటరులో మార్పు చేయుట ఇష్టము లేనిచో రేడియో మరమ్మతు చేయువానిచేత ఒక్కొక్క పాయకు వేయి ఓముల రెసిస్టరు ఒకటి చొప్పున వేయించి, వాని ఆవలి కొనలను కలిపించవచ్చును. రెసిస్టరు వెల రూపాయో, అర్ధరూపాయో.

తీగ సరిగా ఉన్నను ధ్వని రాకపోవుటకు మరియొక కారణము కలదు. కార్యాలయములో గోడకు టి.వి. ఉండి, కంప్యూటరును దానికి హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపియుందురు. ఆ తీగ బొమ్మతోపాటు ధ్వనిని కూడ మోసికొనిపోవును. అది తగిలించగానే కంప్యూటరు “ధ్వని ఇక టి.వి.కి పంపవలెను కాబోలు” అని తనంతట తానే నిర్ణయించుకొనును. అధికారి సందేశము నాలుగు గోడల నడుమ టి.వి.లో వినబడుచుండును, బయట బాకా మౌనము. తెర దిగువన కుడిమూల స్పీకరు గుర్తుమీద నొక్కి, శబ్దపు గీత ప్రక్కనున్న చిన్న గుర్తును తెరచినచో ధ్వని పోవు ద్వారముల పేర్లు కనబడును. టి.వి. పేరు కాక, స్పీకర్లు లేక హెడ్‌ఫోన్లు అని ఉన్నదానిని ఎంచవలెను. కంప్యూటరు తన్ను తాను నవీకరించుకొనిన పిదప ఈ ఎంపిక ఒక్కొక్కసారి మారిపోవును. అందుచేత నెలకొకసారియైన చూచుకొనుట అవసరము.

బ్లూటూతు సంగతి మీలో చాలమంది అడుగుదురని నాకు తెలియును. క్రొత్త యాంప్లిఫయర్లలో అది ఉన్నది, తీగ అక్కరలేదు, పెండ్లిలో పాటలకు హాయిగా ఉండును. హెచ్చరికకు నేను దానిని ఒప్పుకొనను. నడుమ గోడ వచ్చిన తెగును. పైగా ఊరిలో ఎవరి ఫోను ముందుగా దానితో జతకూడినచో వారి పాటయే మ్రోగును. ఒక గ్రామసభలో తీర్మానము చదువుచుండగా సినిమాపాట వచ్చినదని విన్నాను. ఎంతవరకు నిజమో గాని, జరుగగూడనిది కాదు.

శబ్దపు కొలతలు. కంప్యూటరు శబ్దమును నూటికి ఎనుబది వద్ద నిలిపి, మిగిలినది యాంప్లిఫయరు మరతో సరిచేయవలెను. కంప్యూటరు శబ్దము మరీ తగ్గించి యాంప్లిఫయరు పూర్తిగా త్రిప్పినచో బుసబుస శబ్దము కూడ పెద్దదగును. బేస్ అను మరను బాగుగా తగ్గింపవలెను. బాకా లోతైన స్వరములను పలుకలేదు, పలికించబోయిన లోపలి పొర చిరుగును. మాట స్పష్టత పైస్వరములలోనే ఉన్నది. మరియు కంప్యూటరు చేయు టింగు టింగు శబ్దములను సెట్టింగులలో ఆపివేయవలెను. లేకున్న ఎవరికో ఒక మెయిలు వచ్చినప్పుడెల్ల ఊరంతయు ఉలికిపడును.

కొన్నిచోట్ల తీగ పెట్టగానే గుంయ్‌మని ఎడతెగని రొద వినబడును. అది మన విద్యుత్తు వేగపు రొద, సెకనుకు ఏబది ఆవృత్తులు. ల్యాప్‌టాపు ఛార్జరు తీసి చూడవలెను. రొద ఆగినచో కంప్యూటరు, యాంప్లిఫయరు రెండు వేర్వేరు భూమార్గముల ద్వారా చుట్టు కలుపుకొనుచున్నవని అర్థము. రెండింటిని ఒకే ప్లగ్గు బోర్డునుండి నడిపినచో చాలమట్టుకు పోవును. పోనిచో తీగ నడుమ పెట్టు ఐసోలేషను ట్రాన్స్‌ఫార్మరు దొరకును. అంతేగాని, మూడుపుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్లను విరిచివేయగూడదు. రొద పోవును నిజమే. దానితో కాపలా కూడ పోవును. తడినేల మీద, వట్టికాళ్లతో నిలిచి మైకు పట్టుకొనువారు మన ఊళ్లలోనివారే.

కంప్యూటరు నుండి యాంప్లిఫయరు వరకు తీగ మూడు నాలుగు మీటర్లు మించకుండుట మంచిది. దూరము పోవలసినచో యాంప్లిఫయరును కంప్యూటరు ప్రక్కనే ఉంచి బాకా తీగను పొడిగింపవలెను. నూరు వాట్లు ఎనిమిది ఓముల మార్గమున పోవలెనన్న మూడున్నర ఆంపియర్లు పారవలెను, సన్నతీగలో చాలభాగము దారిలోనే పోవును. అదే నూరు వోల్టుల మార్గమున ఒక్క ఆంపియరు చాలును. ఆ మార్గమునకు బాకాలకు ట్రాన్స్‌ఫార్మర్లుండవలెను. ఆ తీగ కొనలను పనిచేయుచున్నప్పుడు ముట్టుకొనరాదు. ఇది మైకు సెట్టువారికి తెలిసిన పనియే, నేను విస్తరింపను.

తుపాను రాత్రి కరెంటు ఉండదు. యాంప్లిఫయర్లలో చాలవాటికి పన్నెండు వోల్టుల బ్యాటరీకి వేరే కొనలుండును. వెనుక చూచుకొని, బ్యాటరీ పంచాయతీలో సిద్ధముగా ఉంచవలెను. ల్యాప్‌టాపు ఛార్జీ నిండియున్నదో లేదో సంధ్యవేళనే చూడవలెను. ఏదియు లేనినాడు హెచ్చరికను పెన్‌డ్రైవులో వేసి యాంప్లిఫయరునకే తగిలించు సదుపాయము కొన్నిటిలో ఉన్నది. అదియు లేనినాడు మైకులో చదువుటయే. టముకు పారవేయవలదని కూడ నా మనవి.

చట్టము మాట ఒకటి అడుగుదురు. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆరుగంటలవరకు బయట లౌడ్‌స్పీకరు మ్రోగింపరాదు. ప్రజలకు విపత్తు ఏర్పడిన సమయమునకు ఆ నియమములలోనే మినహాయింపు కలదు. కాన వరద హెచ్చరికకు అర్ధరాత్రియైనను సంకోచింపనక్కరలేదు. జాతరలకు, వేడుకలకు మాత్రము అనుమతి పత్రము తీసికొనవలసినదే. కొల్లేటికోట తిరునాళ్లలో కొందరు మైకువారికి ఈ మాట రుచింపదని తెలిసియు చెప్పుచున్నాను.

తిరిగి వెళ్లిన పిదప ఈ వారములోనే ఒక సాయంకాలము ఒక చిన్న పని చేయుడు. కార్యదర్శి గొంతుతో నాలుగు వాక్యములు కంప్యూటరులో ముద్రించి, వెనుక సంగీతము లేకుండ, బాకాలో పెట్టవలెను. ఒక వార్డు సభ్యుడు చివరి వీధికి, ఒకరు చెరువుగట్టు మీదికి పోయి నిలువవలెను. అక్కడివారు తాము విన్న నాలుగు వాక్యములను కాగితముమీద వ్రాసికొని రావలెను. “వినబడినదా?” అని అడిగినచో మర్యాదకు వినబడినదనియే చెప్పుదురు, వ్రాయించినచో నిజము తేలును. సరిపోయిన పిదప తీగ రెండు కొనలకు చీటీలు కట్టి, యాంప్లిఫయరు మర ఎక్కడ ఉన్నప్పుడు బాగున్నదో అక్కడ రంగుతో గీత పెట్టవలెను. ఆ యువకుడు సెలవుమీద ఉన్న రాత్రికూడ మరియొకరు చేయగలుగవలెను గదా.

ఈ బల్లమీద ఒక కంప్యూటరు, ఒక యాంప్లిఫయరు, రెండు రకముల తీగలు ఉంచినాము. అందొకటి మాటను మ్రింగివేయు తీగ. రెండింటితోను ఒకే ముద్రణను వినిపింతుము. ముందు వరుసవారు దయచేసి లేచి వచ్చి, చేతితో తగిలించి చూడగోరుచున్నాను.